కొరడా పట్టుకున్న హేతువు

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ రాజధానిగా ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన అబ్బాసీ వంశపు ఖలీఫా మామూన్ అంటే నాకు చాలా అభిమానం. గ్రీకుల గణితం, వైద్యం, ఖగోళం అరబ్బీలోకి రావడానికి ఖజానా తెరిచిన పాలకుల్లో ఆయనది ముందువరస. ఖ్వారిజ్మీ బీజగణితం రాసింది ఆయన కాలంలోనే, ఆయన ప్రోత్సాహంతోనే. బాగ్దాద్‌లో ఒకటి, డమాస్కస్ పక్కన కాసియూన్ కొండ మీద ఒకటి, గ్రహాలను, నక్షత్రాలను గమనించే వేధశాలలు పెట్టించాడు. భూమి చుట్టుకొలత తేల్చడానికి సింజార్ మైదానంలో కొలతలు తీయించాడు. వెయ్యిన్నొక్క పనులున్న చక్రవర్తికి భూమి ఎంత పెద్దదో తెలుసుకోవాలన్న కోరిక పుట్టడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆ మామూనే 833లో, చనిపోవడానికి నాలుగు నెలల ముందు, తన రాజ్యంలోని ఖాజీలను, అంటే న్యాయమూర్తులను, పండితులను పిలిచి పరీక్ష పెట్టమని ఉత్తరువు పంపాడు. పరీక్షలో ప్రశ్న ఒక్కటే. ఖురాన్ దేవుడు సృష్టించినదా, కాదా? సృష్టించినదే అని ఒప్పుకోనివాడు ఖాజీగా ఉండకూడదు, అతని సాక్ష్యం కోర్టులో చెల్లకూడదు. తర్వాత్తర్వాత ఉద్యోగాలతో ఆగలేదు. సంకెళ్లు, చెరసాల, కొరడా, చివరికి కత్తి దాకా పోయింది. ఇస్లాం చరిత్రలో దీన్ని మిహ్నా అంటారు. సుమారు పదిహేనేళ్లు, ముగ్గురు ఖలీఫాల కాలంలో నడిచింది.

దీని గురించి రాయాలని చాన్నాళ్లుగా ఉంది. కారణం సొంతదే. హేతువాద సభలకు వెళ్లే ఇంట్లో పెరిగాను. ఏ విషయమైనా తర్కానికి నిలబడాలి అనే మాట మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించేవాళ్లు. అందుకే బాగ్దాద్ కథ చదివితే నా మనసు సహజంగానే ముతజిలాల వైపు మొగ్గుతుంది. దేవుణ్ణి కూడా బుద్ధితోనే అర్థం చేసుకోవాలి, దేవుడు న్యాయవంతుడైతే మనిషికి స్వేచ్ఛ ఉండి తీరాలి అని వాదించినవాళ్లు వాళ్లు. ఖురాన్ సృష్టి అన్నది కూడా వాళ్ల వాదమే. అయినా ఈ ఒక్క తగాదాలో నేను నిలబడేది అవతలి పక్షాన. హదీసులే, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించి తరతరాలుగా అందిన కథనాలే తప్ప తర్కం వద్దన్న అహ్మద్ ఇబ్న్ హంబల్ పక్షాన. మన హేతువాద మిత్రులు చాలామంది ఈ కథను వెలుగు ఒకవైపు, చీకటి ఒకవైపు అన్నట్టు చెప్పుకుంటారు. అలా చెప్పుకోవడం వల్ల అసలు విషయం చేజారిపోతోందన్నదే నా బాధ.

వాదం ఏమిటో ముందు చూద్దాం, ఎందుకంటే అది పనికిమాలిన వాదం కాదు. దేవుడు ఒక్కడే అనాది. ఖురాన్ కూడా అనాది అంటే అనాదిగా రెండు ఉన్నట్టే కదా, ఏకేశ్వర విశ్వాసం ఏమైనట్టు? యేసు దేవుని వాక్కు, కాబట్టి సృష్టి కాదు అని క్రైస్తవులు అన్నదానికీ దీనికీ తేడా ఏమిటని మామూన్ తన ఉత్తరంలో గట్టిగానే అడిగాడు. అవతలివాళ్లు దానికి జవాబు లేక తలవంచుకోలేదు. ఖురాన్ దేవుని మాట, మాట దేవుని జ్ఞానంలో భాగం, దేవుని జ్ఞానం ఒకప్పుడు లేకుండా తర్వాత పుట్టిందంటారా అని ఎదురు ప్రశ్న వేశారు. వందల ఏళ్లు కూర్చుని వాదించుకోదగ్గ ప్రశ్న. కూర్చుని వాదించుకుని ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణే కాదు.

మామూన్‌కు అంత తొందర ఎందుకు? తండ్రి హారూన్ అల్ రషీద్ 809లో పోయాక అన్నదమ్ములిద్దరూ సింహాసనం కోసం కొట్టుకున్నారు. మామూన్ సైన్యం ఏడాదికి పైగా బాగ్దాద్‌ను ముట్టడించింది. 813లో సోదరుడు అమీన్‌ను చంపేశారు. గెలిచిన మామూన్ మాత్రం ఖురాసాన్‌లోని మర్వ్‌లోనే ఉండిపోయి 819లో గానీ బాగ్దాద్‌లో అడుగుపెట్టలేదు. ఈ మధ్యలో నగరాన్ని కాపాడుకున్నది పేటల్లోని మామూలు జనం. దొంగల్ని, దొమ్మీ చేసేవాళ్లని ఆపడానికి దళాలు కట్టుకున్నారు. దేవుడి మాట జవదాటిన పాలకుడికి లోబడక్కర్లేదన్న నినాదం వాళ్ల నోట వినిపించింది. ఆ జనానికి మతం విషయంలో దారి చూపుతున్నది ఖలీఫా కాదు. మసీదు స్తంభానికి ఆనుకుని హదీసు చెప్పే పండితుడు. నాణేల మీద తన పేరు పక్కన దేవుని ఖలీఫా అని ముద్రించుకున్న మామూన్‌కు ఇది గుచ్చుకుని ఉంటుంది. మతం గురించి ఆఖరి మాట ఎవరిది, గద్దెదా, గురువుదా? నా దృష్టిలో మిహ్నా అడిగిన అసలు ప్రశ్న ఇది. ఖురాన్ సృష్టా కాదా అన్నది ఆ ప్రశ్న వేసుకున్న పై బట్ట.

పరీక్ష ఉత్తరువు పంపినప్పుడు మామూన్ బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం మీద దండయాత్రలో ఉన్నాడు. ఉత్తరాలు అక్కడి నుంచే వచ్చేవి, బాగ్దాద్‌లో ఆయన ప్రతినిధి ఇస్‌హాక్ ఇబ్న్ ఇబ్రాహీం వాటిని అమలుచేసేవాడు. ముందు ఏడుగురు పేరున్న పండితులను తన దగ్గరికే పంపమన్నాడు. హదీసు చెప్పినవాళ్ల మంచిచెడ్డలు తూచడంలో మేటి అయిన యహ్యా ఇబ్న్ మయీన్, ప్రవక్త సహచరుల జీవితాలను తరగతుల వారీగా గ్రంథస్థం చేసిన ఇబ్న్ సఅద్ ఆ ఏడుగురిలో ఉన్నారు. ఏడుగురూ ఒప్పేసుకున్నారు. పెద్దలే ఒప్పుకుంటే మిగతావాళ్లు ఎంత అని లెక్క. లెక్క చాలావరకు పారింది.

తర్వాత బాగ్దాద్‌లో జరిగిన విచారణను చరిత్రకారుడు తబరీ దాదాపు మాటకు మాట దించి పెట్టాడు. బిష్ర్ ఇబ్న్ వలీద్ అనే పెద్ద ఖాజీని ఇస్‌హాక్ అడిగాడు: ఖురాన్ గురించి ఏమంటావు? దేవుని మాట అంటాను. అది కాదు నేను అడిగింది, సృష్టించినదా? అన్నిటినీ సృష్టించినవాడు దేవుడే. ఖురాన్ ఆ అన్నిటిలో ఒకటి కాదా? ఒకటే. అయితే సృష్టించినదేనా? అది సృష్టికర్త అయితే కాదు. నేను అడిగేది అది కాదయ్యా, సృష్టించినదా, కాదా? ఇప్పటిదాకా చెప్పినదానికి మించి నాకు చేతకాదు.

ఇది చదివినప్పుడల్లా నాకు ఆ ముసలాయన గుండె చప్పుడు వినిపిస్తుంది. ఆయన మొండివాడు కాదు, వీరుడూ కాదు. అబద్ధం చెప్పకుండా, ప్రాణం పోకుండా బయటపడటానికి సందు వెతుకుతున్నాడు. జీవితమంతా న్యాయం చెప్పిన మనిషిని ముద్దాయిలా నిలబెట్టి, నీ మనసులో ఏముందో నేను చెప్పినట్టే చెప్పు అంటే అతనికి మిగిలేది మాటల చాటు ఒక్కటే. ఈ జవాబులన్నీ రాసి పంపితే మామూన్ ఏం చేశాడు? ఒక్కొక్కరి పేరూ పెట్టి తిడుతూ తిరుగు ఉత్తరం రాశాడు. ఒకడు అన్‌బార్‌లో ధాన్యం దొంగిలించాడట, ఇంకొకడు వడ్డీ తింటాడట, అహ్మద్ అయితే అజ్ఞాని అట. బిష్ర్, తన సొంత బాబాయి ఇబ్రాహీం ఒప్పుకోకపోతే తలలు తీయమన్నాడు. తర్కమే గొప్పదన్న మనిషి ఉత్తరంలో తర్కం కొన్ని పేజీలే నిలిచింది, ఆ తర్వాత అంతా నిందలు, బెదిరింపులు. చేతిలో కత్తి ఉన్నవాడికి వాదన పూర్తిచేసే ఓపిక ఉండదు.

చివరికి మిగిలింది నలుగురు. సంకెళ్లు వేయగానే ఒకరు, తర్వాత ఇంకొకరు తగ్గారు. మిగిలినవాళ్లు అహ్మద్ ఇబ్న్ హంబల్, ముహమ్మద్ ఇబ్న్ నూహ్ అనే యువకుడు. ఇద్దర్నీ ఇనుముతో బంధించి ఖలీఫా ఉన్న తర్సూస్ వైపు పంపారు. దారిలో ఉండగానే మామూన్ చనిపోయాడన్న కబురు వచ్చింది. వెనక్కి తిప్పారు. తిరుగుదారిలో ముహమ్మద్ ఇబ్న్ నూహ్ ప్రాణం పోయింది. అహ్మదే అతనికి అంత్యక్రియల నమాజు చేశాడు.

ఆ తర్వాత రెండేళ్లకు పైగా చెర. కొత్త ఖలీఫా ముతసిం సిపాయి మనిషి, ఈ శాస్త్ర చర్చల మీద ఆసక్తి ఉన్నవాడు కాదు. కానీ అన్న మామూన్ చనిపోతూ అప్పగించిన పని, పక్కన ఈ పరీక్షలను నడిపిస్తున్న ప్రధాన ఖాజీ ఇబ్న్ అబీ దువాద్. కొలువులో మూడు రోజులు వాదన నడిచింది. ఎవరేమన్నా అహ్మద్ జవాబు ఒకటే, దేవుని గ్రంథం నుంచో, ప్రవక్త సంప్రదాయం నుంచో ఏదైనా చూపించండి, నేనూ అదే అంటాను. ముతసిం మెత్తబడ్డాడని, వదిలేద్దామా అనుకున్నాడని కథనాలు చెబుతున్నాయి. అప్పుడు పక్కవాళ్లు అన్న మాట, ఇతను ఇద్దరు ఖలీఫాలను ఓడించాడని జనం అనుకుంటారు. అంతే, కొరడాలు తెప్పించారు. కొట్టేవాళ్లు వరుసలో నిలబడ్డారు, ఒక్కొక్కడు రెండేసి దెబ్బలు వేసి పక్కకు జరగాలి, చెయ్యి అలసిపోకుండా. అది రంజాన్ నెల, అహ్మద్ ఉపవాసంలో ఉన్నాడు. స్పృహ తప్పేదాకా కొట్టి ఇంటికి పంపారు. వీపు మీద చచ్చిన కండను వైద్యుడు కోసి తీయాల్సివచ్చింది.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఈ కథనం మనకు ఎక్కువగా అందింది అహ్మద్ కొడుకు, పినతండ్రి కొడుకు, శిష్యుల నుంచి. అవతలి పక్షం రచయిత జాహిజ్ అయితే దెబ్బలకు తాళలేక అహ్మద్ కూడా ఒప్పుకున్నాడని రాశాడు. చరిత్రకారుల్లో ఇప్పటికీ దీని మీద రెండు మాటలున్నాయి. ఆయన నోట ఆ మాట వచ్చినా రాకపోయినా నా వాదనకు తేడా రాదు. కొరడా కింద వచ్చిన మాట ఎవరి విశ్వాసాన్నీ తేల్చదు. ఆ మాటకొస్తే అహ్మద్ కూడా ఈ విషయంలో కఠినంగానే ఉన్నాడు. భయంతో ఒప్పుకున్న యహ్యా లాంటి పాత స్నేహితులతో ఆయన మాట్లాడటం మానేశాడు, చూడ్డానికి వస్తే మొహం తిప్పుకున్నాడు అంటారు. బలవంతం మీద నోటితో అన్నా మనసు నిశ్చలంగా ఉంటే తప్పులేదని ఖురానే అంటోంది. యహ్యా చేసింది అదే. అహ్మద్ మీద ఎంత గౌరవం ఉన్నా, ఇక్కడ నేను యహ్యా పక్కనే ఉంటాను. ప్రాణభయం ఉన్నవాణ్ణి తీర్పు చెప్పే హక్కు తోటి బాధితుడికి కూడా లేదు.

ముతసిం కొడుకు వాసిఖ్ కాలానికి ఇది ఇంకా ముదిరింది. పేరుమోసిన ధర్మశాస్త్ర పండితుడు షాఫియీ శిష్యుడు బువైతీని ఈజిప్టు నుంచి సంకెళ్లతో తీసుకొచ్చారు, ఆయన బాగ్దాద్ చెరలోనే కన్నుమూశాడు. 846లో అహ్మద్ ఇబ్న్ నస్ర్ ఖుజాయీ తిరుగుబాటుకు సిద్ధమవుతున్నాడని పట్టుకొచ్చారు. కొలువులో అడిగింది తిరుగుబాటు గురించి కాదు, ఖురాన్ గురించి, పరలోకంలో దేవుడు కనిపిస్తాడా లేదా అన్నదాని గురించి. వాసిఖ్ తన చేత్తోనే కత్తి దూశాడు. ఆ తలను బాగ్దాద్‌లో వేలాడదీశారు. ఈ ఖుజాయీ తాత అబ్బాసీలను గద్దెనెక్కించిన ఉద్యమంలో ముఖ్యుల్లో ఒకడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలచివేసే సంగతి 845 నాటిది. లామిస్ నది దగ్గర బైజాంటియంతో ఖైదీల మార్పిడి జరిగింది. ఏళ్ల తరబడి రోమన్ల చెరలో మగ్గిన ముస్లిం ఖైదీలు ఒడ్డుకు చేరారు. విడిపించుకునే ముందు ప్రతి ఖైదీనీ అడగమని దర్బారు మనుషుల్ని పంపింది, ఖురాన్ సృష్టించినదేనా? అవునన్నవాణ్ణి విడిపించండి. కాదన్నవాణ్ణి శత్రువు దగ్గరే వదిలేయండి. అలా ఖైదీలను పరీక్షించి మరీ మార్చుకున్నారని తబరీ రాశాడు. చదువు లేని సిపాయిని, సరిహద్దు పల్లె రైతును ఊహించుకోండి. ఎదురుగా ఇల్లు, వెనక చెర, మధ్యలో తత్వశాస్త్రం. ముతజిలాల మొదటి సూత్రాల్లో ఒకటి దేవుడు న్యాయవంతుడు అన్నది. న్యాయం గురించి అంత గొప్పగా ఆలోచించిన బడి పేరు మీద ఇది జరిగింది. ఆ బడిలో కూడా జాఫర్ ఇబ్న్ ముబష్షిర్ లాంటివాళ్లు దర్బారు పదవులను, కానుకలను ముట్టుకోలేదని గుర్తుచేసుకోవాలి. తప్పు ముతజిలా ఆలోచనది కాదు, ఆ ఆలోచనను ప్రభుత్వోద్యోగంగా మార్చినవాళ్లది.

మిత్రులు నాతో అంటుంటారు, అప్పుడు అహ్మద్ వైపు గెలవబట్టే ముస్లిం ప్రపంచంలో విజ్ఞానం ఆగిపోయిందని. తేదీలు చూస్తే ఈ మాట నిలవదు. బత్తానీ ఖగోళం, రాజీ వైద్యం, ఫారాబీ తత్వం, ఇబ్న్ హైసమ్ దృష్టిశాస్త్రం, బీరూనీ, ఇబ్న్ సీనా, అందరూ మిహ్నా ముగిసిన తర్వాతివాళ్లే. ముతజిలా బడి కూడా ఆ రోజుతో మూతపడలేదు. ఖాజీ అబ్దుల్ జబ్బార్ 1025లో పోయేదాకా ఇరాన్‌లోని రయ్‌లో ఆ సిద్ధాంతాన్ని సంపుటాలకు సంపుటాలుగా రాశాడు. ఆ సిద్ధాంతం పోగొట్టుకున్నది ప్రాణం కాదు, మామూలు జనం దృష్టిలో మర్యాద. ఆ మర్యాద పోగొట్టింది అహ్మద్ కాదు, కొరడా. ఇంకో సంగతి చెప్పాలి, ఇది మనకు గర్వకారణం కూడా. హదీసు పండితుల జీవితాలకు నిఘంటువు లాంటి ఇబ్న్ హజర్ గ్రంథం, పన్నెండు సంపుటాలు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయింది హైదరాబాద్‌లో, దాయిరతుల్ మారిఫ్‌లో. యహ్యా, అహ్మద్ లాంటి వాళ్ల వివరాలు అందులో ఉంటాయి. బీరూనీ ఖగోళ గ్రంథం ఖానూన్ అల్ మసూదీ కూడా 1950లలో అక్కడే అచ్చయింది. రెండిటినీ ఒకే సంస్థ అచ్చువేసింది. వాటిని శత్రువులుగా చూడాల్సిన అవసరం అక్కడివాళ్లకు కనిపించలేదు.

అహ్మద్ ఒంటరిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు కూడా. గద్దెకు దూరంగా ఉండటం అప్పటికే పండితుల్లో ఒక ఆనవాయితీ. తెలుగు నేల మీద ఎక్కువమంది ముస్లింలు అనుసరించే మార్గానికి మూలపురుషుడైన అబూ హనీఫా ఖాజీ పదవి వద్దన్నందుకు దెబ్బలు తిన్నాడని, 767లో చెరలోనే చనిపోయాడని చెబుతారు. మదీనాలో ఇంకో మార్గానికి మూలపురుషుడైన మాలిక్, బలవంతంగా చేయించిన ప్రమాణం చెల్లదన్నందుకు కొరడా దెబ్బలు తిన్నాడు. ఆ తీర్పు వింటే ఖలీఫాకు బలవంతంగా చేసిన విధేయతా ప్రమాణాలు కూడా చెల్లవని జనం అనుకుంటారు, అదీ గవర్నర్ భయం. అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ మాత్రం హారూన్ దగ్గర ప్రధాన ఖాజీగా చేరాడు. పన్నుల మీద పుస్తకం రాసిచ్చి, రైతులను పీడించవద్దని అందులో ఖలీఫాకే చెప్పాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుని న్యాయం చెప్పాలి కదా. తేడా ఎక్కడంటే, అబూ యూసుఫ్ పాలకుణ్ణి ధర్మం వైపు లాగడానికి పదవిని వాడాడు, ఇబ్న్ అబీ దువాద్ తోటి పండితుల నోళ్లు పెగల్చడానికి వాడాడు.

847లో వచ్చిన ముతవక్కిల్ కొన్నేళ్లలో పరీక్షలు ఆపించాడు. సంప్రదాయ పక్షం పండగ చేసుకుంది. ఇక్కడే నా వాదనకు గట్టి ఆధారం ఉంది. ముతవక్కిల్ ఆ యంత్రాన్ని విరగ్గొట్టలేదు, ఇంకోవైపు తిప్పాడు. 850 ప్రాంతంలో కర్బలాలో ప్రవక్త మనవడు, షియాలకు ఆరాధ్యుడైన హుసేన్ సమాధిని కూల్చి దున్నించాడు. క్రైస్తవులు, యూదులు బట్టల మీద గుర్తులు వేసుకు తిరగాలన్నాడు. తత్వవేత్త కిందీ దెబ్బలు తిన్నాడు, ఆయన పుస్తకాలు కొన్నాళ్లు జప్తు అయ్యాయి. మనవాళ్ల చేతిలో ఉన్నంతసేపే ఈ అధికారం ముద్దొస్తుంది. మూఢనమ్మకాలను ప్రభుత్వమే చట్టం పెట్టి తుడిచేయాలని మా సభల్లో ఆవేశంగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే. పిల్లాణ్ణి బలి ఇచ్చేవాణ్ణి, మంత్రగత్తె అని ఆడమనిషిని కొట్టేవాణ్ణి చట్టం పట్టుకోవాల్సిందే. నువ్వు ఏం నమ్ముతావో చెప్పు, లేకపోతే ఉద్యోగం పీకుతా అనే కార్యాలయం ఒకసారి తెరిస్తే అందులో రేపు ఎవరు కూర్చుంటారో మన చేతిలో ఉండదు.

అహ్మద్‌కు ఇది అర్థమైందని నాకనిపిస్తుంది. వాసిఖ్ రోజుల్లో బాగ్దాద్ పండితులు కొందరు వచ్చి, ఇంక తిరగబడదాం అంటే ఒప్పుకోలేదు. మనసులో తిరస్కరించండి, ఓర్చుకోండి, మీ రక్తం, జనం రక్తం చిందించకండి అన్నాడు. ముతవక్కిల్ గౌరవంగా అప్పటి రాజధాని సామర్రాకు పిలిపించి, రోజూ పళ్లేలకు పళ్లేలు పంపితే ముట్టుకోలేదు, వరసగా ఉపవాసాలు ఉండి చిక్కిపోయాడు. తండ్రి వదిలిపోయిన కొద్దిపాటి ఆస్తి మీద అద్దెలతో బతికిన మనిషి. దర్బారు భరణం తీసుకున్న కొడుకుల ఇంటికీ తన ఇంటికీ మధ్య తలుపు మూయించాడట, వాళ్ల ఇంటి తిండి మానేశాడట. తనను కొట్టించిన ముతసింను మాత్రం క్షమించాడు. కొట్టిన దర్బారునూ నెత్తిన పెట్టుకున్న దర్బారునూ ఒకే దూరంలో ఉంచగలిగినవాళ్లు చరిత్రలో ఎంతమంది ఉన్నారు?

ఆయన పేరు చెప్పుకున్నవాళ్లకు ఆ నిగ్రహం అబ్బలేదు. 923లో తబరీ చనిపోతే, ఈ కథలో సగం మనకు చెప్పిన ఆ చరిత్రకారుణ్ణి, హంబలీల అల్లరికి భయపడి రాత్రిపూట ఇంట్లోనే పాతిపెట్టారంటారు. 935 నాటికి బాగ్దాద్‌లో హంబలీ గుంపులు ఇళ్లలోకి చొరబడేవి. మద్యం దొరికితే పారబోయడం, పాటగత్తెలను కొట్టడం, వాద్యాలు విరగ్గొట్టడం, దారిన పోయే ఆడా మగా జంటల్ని నిలదీయడం. ఖలీఫా రాదీ వాళ్ల మీద కఠినమైన ఫర్మానా జారీ చేశాడు. అందులో రెండు సంగతులున్నాయి. జనం ఇళ్ల మీద పడటం ఆపండి అన్నది ఒకటి. దేవుడి రూపం గురించి మీరు నమ్మేది నీచమైన నమ్మకం, మానకపోతే కత్తికి, నిప్పుకు అప్పగిస్తాం అన్నది రెండోది. మొదటిదాన్ని ఖలీఫా సంతకం పక్కన నా సంతకం కూడా పెట్టి సమర్థిస్తాను. రెండోదాన్ని, వాళ్ల నమ్మకం నాకు బొత్తిగా నచ్చకపోయినా, సమర్థించను.